నిలిచి తిరుగు చక్రము – ఈతగాండ్ర సాధన చరిత్ర



నగరములలోని వ్యాయామశాలలలో నేడొక వింత కానవచ్చును. ఒక గదిలో ఇరువది ముప్పది సైకిళ్లు వరుసగా నిలిపియుందురు. వానికి ముందు చక్రము తప్ప వెనుక చక్రముండదు; ఆ ముందు చక్రమైనను నేలను తాకదు. సంగీతము మ్రోగుచుండ శిక్షకుడొకడు ఎదుట కూర్చుండి, వేగము హెచ్చింపుడనియు, బిగువు పెంచుడనియు ఆజ్ఞలిచ్చుచుండును. ముప్పావుగంట త్రొక్కి, చెమటతో తడిసి దిగువారందఱును ఎక్కినచోటనే దిగుదురు. దీనినే ఇండోర్ సైక్లింగ్ తరగతి యందురు. గానుగ యెద్దు పగలంతయు నడచినను ఊరు దాటదు. అయినను సాయంకాలమునకు నూనె దిగును. మఱి యీ సైకిలు త్రొక్కువానికి దిగు నూనె యేమి? అందులోను, నీటిలో ఈదవలసినవానికి దీనితో నేమి పని? ఈ ప్రశ్నకు చరిత్ర చెప్పు సమాధానమును మీకు విన్నవింప దలచితిని.

ఇది పట్టణవాసులకు మాత్రమే సంబంధించిన సంగతి కాదు. కాలువలలోను, చెఱువులలోను, దిగుడుబావులలోను ఈత నేర్చిన మన పల్లెపిల్లలు కొందఱు నేడు క్రీడాపాఠశాలలకు పోవుచున్నారు. సెలవులకు వచ్చినప్పుడు, “తాతా, వారమునకు రెండుసారులు సైకిలు తరగతికి పోవలెనట, రుసుము కట్టవలెనట” అని యడుగుచున్నారు. ఈత నీటిలో వచ్చునా, సైకిలు మీద వచ్చునా యని తాత నవ్వి యూరకుండవచ్చును. లేదా, చదువుకొన్నవారు చెప్పిరి గదా యని రుసుము కట్టి మఱచిపోవచ్చును. ఈ రెండును సరికావని నా యభిప్రాయము. ఆ యంత్రమెట్లు పుట్టినది, ఈతకును దానికిని చుట్టఱికమెప్పుడు కలిసినది, శాస్త్రజ్ఞులు దానివలన నేమి కనుగొనిరి అను సంగతులు తెలిసినచో, ఏది యెంతవఱకు ఉపయోగమో మీరే నిర్ణయింపగలరు. ఇందులో ఒక పిల్లవాని భుజము, ఒక పిల్లదాని ఎముక ఇమిడియున్నవి. కావున నవ్వి విడువదగిన విషయము కాదు.

సైకిలు పుట్టకమునుపే నిలుకడ యంత్రము పుట్టినదన్నచో మీకు వింతగా తోచవచ్చును. కాని యది నిజము. లండను నగరమున ఫ్రాన్సిస్ లౌండ్స్ అను విద్యుచ్చికిత్సకుడు క్రీ.శ. 1796లో జిమ్నాస్టికాన్ అను కొయ్యయంత్రమునకు హక్కుపత్రము పొందెను. అందులో కాళ్లతో త్రొక్కుటకు మెట్లును, చేతులతో త్రిప్పుటకు పిడులును గలవు. కాళ్లను చేతులను వేఱువేఱుగా గాని, ఒక్కసారిగా గాని ఆడింపవచ్చును. కీళ్లనొప్పులతోను, పక్షవాతముతోను బాధపడువారి యవయవములకు చలనము కలిగించుటయే దాని ఉద్దేశము. దారిమీద పోవు రెండుచక్రముల బండిని జర్మనీ దేశమున కార్ల్ డ్రైస్ నిర్మించినది 1817లో. అదియు కాళ్లతో నేలను తన్నుకొనుచు నడుపవలసినదే. త్రొక్కుడుపలకలు ఫ్రాన్సు దేశమున 1860 తరువాతి యేండ్లలో వచ్చినవి. గొలుసుతో వెనుక చక్రమును త్రిప్పు నేటి సైకిలు రూపమును ఇంగ్లండున జాన్ కెంప్ స్టార్లీ 1885లో స్థిరపఱచెను. కాగా కదలని యంత్రము అన్న, కదలెడు సైకిలు తమ్ముడు అని చెప్పవలెను.

పందెములలో పాల్గొను సైకిలువారు చలికాలమున మంచు కురియు దేశములలో బయట త్రొక్కలేక, ఇంటిలోనే దొర్లెడు కడ్డీలమీద చక్రముల నుంచి త్రొక్కుట అలవఱచుకొనిరి. అట్లు వైద్యుని యంత్రము క్రీడాకారుని యంత్రమయ్యెను. 1912 ఏప్రిలులో మంచుకొండను ఢీకొని మునిగిన టైటానిక్ ఓడను గూర్చి మీరు వినియుందురు. ఆ యోడ పైయంతస్తున వ్యాయామశాల యుండెను. అందులో నిలుకడ సైకిళ్లుండెను. త్రొక్కిన దూరమును చూపుటకు గోడకు గడియారమువంటి ముఖము నమర్చిరి. అదే యోడ క్రింది యంతస్తున సముద్రజలముతో నింపిన ఈతకొలను కూడ నుండెను. ఒక్క కప్పు క్రిందనే సైకిలును ఈతయు నుండెను గాని, వినోదముగనే తప్ప, ఒకటి రెండవదానికి సాధనమను భావము అప్పటికింకను పుట్టలేదు.

ఆ భావము పుట్టుటకు ముందుగా మనుష్యుని శ్రమను కొలుచు విద్య పుట్టవలసి యుండెను. బస్తాలు మోయువానిది ఎంత శ్రమ? దుక్కి దున్నువానిది ఎంత శ్రమ? మనము ‘చాల’ యనియు, ‘కొంచెము’ అనియు చెప్పుదుము గాని, తూచి చెప్పజాలము. డెన్మార్కు రాజధానియగు కోపెన్‌హేగను నగరమున ఆగస్ట్ క్రోగ్ అను శరీరశాస్త్రజ్ఞుడు 1913లో విద్యుదయస్కాంతపు బిగువుగల ఒక నిలుకడ సైకిలును గూర్చి ప్రకటించెను. చక్రమునకు ఎంత బిగువు పెట్టితిమో, నిమిషమునకు ఎన్ని చుట్లు త్రిప్పితిమో తెలిసినచో చేసిన పనిని లెక్క కట్టవచ్చును. త్రొక్కువాని దేహము ఒక్కచోటనే యుండును గనుక, వాడు పీల్చి విడుచు గాలిని సంచిలో పట్టి, ప్రాణవాయువు ఎంత ఖర్చయినదో కనుగొనవచ్చును. కండరములలోని సూక్ష్మరక్తనాళముల నడవడిని తెలిపినందుకు క్రోగునకు 1920లో నోబెల్ బహుమానము లభించెను. సైకిలు కదలకపోవుటయే శాస్త్రజ్ఞునకు వరమైనది.

పిమ్మట స్వీడను దేశమున ఈ విద్య మిక్కిలి పెరిగెను. స్టాక్‌హోము నగరమున పెర్ హెన్రిక్ లింగ్ అనునాయన 1813లో స్థాపించిన వ్యాయామ విద్యాలయమే దీనికి నెలవయ్యెను. 1954లో ఫాన్ డ్యోబెల్న్ అను వైద్యుడు చక్రము చుట్టు పట్టీ చుట్టి, వ్రేలాడు తూనికగుండుతో బిగువును చూపు సులభమైన యంత్రమును కల్పించెను. దానికి విద్యుచ్ఛక్తితో పనిలేదు. అదే సంవత్సరమున పెర్ ఊలోఫ్ ఆస్ట్రాండ్, ఇర్మా ర్యూమింగ్ అను నిరువురు శాస్త్రజ్ఞులు, మనుష్యుని అలసి సొలసిపోవునట్లు చేయకయే, ఆఱు నిమిషములు మితముగా త్రొక్కించి, నాడిని లెక్కించి, వాని దేహము గరిష్ఠముగా నెంత ప్రాణవాయువును వినియోగింపగలదో అంచనా వేయు పట్టికను ప్రకటించిరి. పెద్ద ఆసుపత్రులలో గుండెను పరీక్షించుటకు మిమ్మెవరినైన నిలుకడ సైకిలు త్రొక్కుమని యుండినచో, ఆ పరీక్ష యీ వంశమునకు చెందినదే.

ఇక ఈతగాండ్ర సంగతి చూతము. ఇంగ్లండునకును ఫ్రాన్సునకును నడుమనున్న సముద్రపు కాలువను 1875 ఆగస్టులో కెప్టెన్ మాథ్యూ వెబ్ 21 గంటల 45 నిమిషములలో ఈదెను. అతడు నావికుడు, నీటిలో ఈదుటయే అతని సాధన. ఆ కాలువను మన దేశీయులలో 1958లో మిహిర్ సేన్ మొట్టమొదట దాటగా, 1959లో ఆరతీ సాహా దానినీదిన తొలి ఆసియా మహిళ యయ్యెను. వెబ్ నాటినుండి చిరకాలము ఈతగాండ్రలో నొక నమ్మకముండెను: నేలమీది కసరత్తు చేసినచో కండలు బిగిసి, నీటిలో చేయి సులువుగా సాగదని. దీనిని ఎదిరించినవారిలో ముఖ్యుడు అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయపు శిక్షకుడు రాబర్ట్ కిఫుత్. ఈయన తాను పందెపు ఈతగాడు కాడు, వ్యాయామోపాధ్యాయుడు. ఈతకాలము రాకమునుపు తన శిష్యులచే నెలల తరబడి నేలమీద కసరత్తు చేయించుచుండెను. కప్పీలతో బరువులు లాగించుచు, బరువుబంతులు విసిరించుచుండెను. 1948లో లండను ఒలింపిక్ క్రీడలలో ఈయన శిక్షణలో అమెరికా పురుషులు ఈతపందెములన్నింటను ప్రథములైరి. అంతటితో ఆ పాత నమ్మకము వీగిపోయెను.

అమెరికాలోనే ఇండియానా విశ్వవిద్యాలయపు శిక్షకుడు జేమ్స్ కౌన్సిల్‌మన్ 1968లో ఈత శాస్త్రమును గూర్చి గొప్ప గ్రంథము ప్రకటించెను. 1972 ఒలింపిక్ క్రీడలలో ఏడు స్వర్ణపతకములు గెలిచిన మార్క్ స్పిట్జ్ ఈయన శిష్యుడు. ఈయన 1979లో తన 58వ యేట ఆ సముద్రపు కాలువను స్వయముగా నీది, అప్పటివఱకు దానినీదినవారిలో పెద్దవయసువాడని పేరొందెను. వయస్సు మీఱినదని నిట్టూర్చు మావంటివారలము దీనిని గుర్తుంచుకొనదగును.

ఈ రెండు పాయలును కలిసినది స్టాక్‌హోములో. 1963లో ఆస్ట్రాండును ఆయన సహచరులును 30 మంది బాలికలను గూర్చి యొక గ్రంథము ప్రకటించిరి. వారందఱును పందెములకు సిద్ధపడుచున్న ఈతకత్తెలు. వారి శక్తిని కొలుచుటకు శాస్త్రజ్ఞులు నిలుకడ సైకిలునే ఉపయోగించిరి. ఆ బాలికల ఊపిరితిత్తులును, గుండెయు ఆ యీడు పిల్లలకు సాధారణముగా నుండు ప్రమాణమునకు మించి పెరిగియున్నట్లును, ప్రాణవాయువును వినియోగించు శక్తియు హెచ్చుగా నున్నట్లును తెలియవచ్చెను. అనగా నీటిలో సంపాదించిన శక్తి సైకిలు మీద కూడ కొంతవఱకు బయటపడెనన్నమాట.

కాని కథ అక్కడ ముగియలేదు. ఆ బాలికలు పెరిగి, ఈత మానిన కొన్ని యేండ్లకు, శాస్త్రజ్ఞులు వారిని మరల పరీక్షించి 1971లో ఫలితములు ప్రకటించిరి. గుండె పరిమాణమును, ఊపిరితిత్తుల పరిమాణమును తగ్గలేదు. ప్రాణవాయువును వినియోగించు శక్తి మాత్రము సగటున నూటికి 29 వంతులు తగ్గిపోయెను. ఇల్లు పెద్దదే, గాదెలు పెద్దవే. సేద్యము మానిన పిదప గాదెలో గింజ యుండదు గదా! దేహశక్తి ఒకసారి సంపాదించి దాచుకొను సొమ్ము కాదు. సాధన నిలిచిన నాడే దాని తఱుగుదల మొదలగును. గాయము వలన గాని, పరీక్షల వలన గాని, నీరు లేకపోవుట వలన గాని ఈత నిలిచినప్పుడు మఱియొక సాధనము కావలెనను వాదమునకు ఇది బలమైన యాధారము.

అయినను దీనికి ఎదురుగ నిలుచు సాక్ష్యము కూడ గలదు. దానిని దాచుట న్యాయము కాదు. 1975లో అమెరికాలో మేగెల్ అను శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును ఒక పరీక్ష ప్రకటించిరి. కొందఱు యువకులు దినమునకు ఒక గంట చొప్పున, వారమునకు మూడు దినములు, పది వారములు ఈదిరి. వారు ఈదుచుండగా కొలిచినప్పుడు ప్రాణవాయువు వినియోగము నూటికి సుమారు 11 వంతులు పెరిగెను. వారినే పరుగెత్తించి కొలిచినప్పుడు చెప్పుకోదగిన పెరుగుదల కనబడలేదు. గుండె యొక్కటే, ఊపిరితిత్తులొక్కటే. పని మాత్రము వేఱు, దానిని చేయు కండరములు వేఱు. ఏ కండరము శ్రమించునో దానికే ఫలము దక్కును. ఈత ఫలము పరుగునకు పోలేదన్నచో, సైకిలు ఫలమంతయు ఈతకు వచ్చునని యాశించుట యెట్లు? ఈత ముఖ్యముగా చేతుల పని, సైకిలు కాళ్ల పని. కావున సైకిలు తరగతి వలన కాలము తగ్గి పతకములు వచ్చునని యెవరైన చెప్పినచో వారి మాటను తూచి పుచ్చుకొనవలెను.

అట్లయిన దాని ఉపయోగమేమి? ఇక్కడనే భుజము సంగతి వచ్చును. 1974లో కెనెడీ, హాకిన్స్ అను కెనడా శస్త్రవైద్యులు ‘ఈతగాని భుజము’ అను పేరుతో నొక వ్యాధిని వర్ణించిరి. పందెపు ఈతగాడు దినమునకు వేలకొలది పర్యాయములు చేయి నెత్తిమీదుగా త్రిప్పును. కప్పీకి త్రాడు ఒరసికొని పీచులెగసినట్లు, భుజపుకీలులోని నరములవంటి కండరబంధములు ఎముకల నడుమ నలిగి వాచును. పిల్లవాడు మొదట నొప్పి దాచును, శిక్షకుడు బద్ధకమనుకొనును, ఇంటివారు ఎదుగు వయసు నొప్పులనుకొందురు. తుదకు చేయి యెత్తలేని స్థితి రావచ్చును. ఈతగాని భుజమునకు విశ్రాంతి నిచ్చుచు, గుండెకును శ్వాసకును పని తప్పకుండ చూచుటయే సైకిలు చేయగల మేలు. చేతులు పిడిమీద నూరకుండును, కాళ్లు త్రొక్కును, గుండె పనిచేయును. వైద్యుడు భుజమునకు విశ్రాంతి విధించిన వారములలో ఇది ఈతగానిని ఇంటిమూల కూర్చుండనీయక కాపాడును.

నేటి తరగతుల రూపము ఇటీవలిది. 1978లో హవాయి ద్వీపములలో ఈత, సైకిలు, పరుగు మూడింటిని ఒకే దినమున చేయు ‘ఐరన్‌మాన్’ పందెము మొదలయ్యెను; 15 మంది బయలుదేరగా 12 మంది ముగించిరి. ఆ మూడు విద్యల పందెము 2000లో సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో చేరెను. ఒక విద్యవాడు వేఱొక విద్యను సాధన చేయుట లోకమున వాడుకయైనది. దానికే క్రాస్ ట్రెయినింగ్ అని పేరు. దక్షిణాఫ్రికాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన జానీ గోల్డ్‌బర్గ్ అను సైకిలువాడు, 1980 తరువాతి దశకమున తన సాధనకై బరువైన చక్రముగల నిలుకడ సైకిలును చేసికొని, ఇతరులకు సంగీతముతో నేర్పసాగెను. 1990 తరువాతి దశకము నడుమ ఒక గొప్ప సైకిలు సంస్థ దానిని తయారుచేసి యమ్మగా, ‘స్పిన్నింగ్’ అను పేర లోకమంతట వ్యాపించెను.

ఇట్టి సాధనము విలువ 2020లో అందఱకును తెలిసివచ్చెను. కరోనా మహమ్మారి వలన ఆ మార్చిలో మన దేశమున ఈతకొలనులన్నియు మూతపడినవి. పందెపు ఈతగాండ్రకు సహితము అక్టోబరు వఱకు తలుపులు తెఱవలేదు. టోక్యో ఒలింపిక్ క్రీడలు 2021నకు వాయిదాపడినవి. పరుగువాడు వీథిలోనో మేడమీదనో పరుగెత్తవచ్చును. నీరు లేని ఈతగాడు ఏమి చేయును? దేశదేశముల ఈతగాండ్రు గదులలో త్రాళ్లు లాగుచు, నిలుకడ సైకిళ్లు త్రొక్కుచు దినములు గడపిరి. వారిలో నెవరును సైకిలు ఈతకు సమానమని నమ్మలేదు. దీపము కొండెక్కకుండ వత్తిని ఎగద్రోయుటయే వారి పని.

తుదకు మూడు హెచ్చరికలు చెప్పవలసి యున్నది. మొదటిది ఎముకల సంగతి. నీరు దేహభారమును మోయును. సైకిలు పీటయు దేహభారమును మోయును. ఎముక తనపై భారము పడినప్పుడే గట్టిపడును. ఈతగాండ్ర ఎముకలు, సైకిలువారి ఎముకలు పరుగువారి ఎముకలంత దట్టముగా నుండవని పరీక్షలు తెలుపుచున్నవి. కావున ఎదుగు పిల్లలకు, ముఖ్యముగా ఆడపిల్లలకు, ఈతయు సైకిలును చాలవు. నడక, పరుగు, దుముకుట కూడ కావలెను. తొక్కుడుబిళ్ల, చెడుగుడు ఆడనిండు. రెండవది నాడి సంగతి. నీటిలో దేహము అడ్డముగా నుండుట వలనను, నీటి చల్లదనము, ఒత్తిడుల వలనను, ఎంత గట్టిగా ఈదినను నాడి నేలమీది గరిష్ఠమును చేరదు; నిమిషమునకు సుమారు 10 మొదలు 13 వఱకు తక్కువగా నుండును. సైకిలు మీది లెక్కను నీటిలోనికి తీసికొనిపోరాదు. మూడవది చీలమండ సంగతి. ఈతలో పాదము చేపతోకవలె మెత్తగా నాడవలెను. సైకిలులో నది బిగిసి యుండవలెను. త్రొక్కి దిగిన పిమ్మట పాదములను చాచి సాగదీయనిదే కొలనులోనికి పోరాదు.

ఇంటి పెద్దలు అడుగవలసిన ప్రశ్నలు కూడ చెప్పెదను. ఈత తగ్గించి సైకిలు త్రొక్కించుచున్నారా, ఈత తగ్గకుండ దానిపై భారముగా పెట్టుచున్నారా? మొదటిది విశ్రాంతి కావచ్చును, రెండవది అలసటపై అలసట. త్రొక్కుడుపలక అట్టడుగున నున్నప్పుడు మోకాలు కొంచెము వంగియుండునట్లు పీటను ఎత్తియుంచిరా? మూసిన గదిలో గాలి తగులదు గనుక చెమట ఆఱదు. త్రాగుటకు నీరును, విసరుటకు పంకాయు ఉన్నవా? భుజము నొప్పియని పిల్లవాడు చెప్పినప్పుడు విన్నవారున్నారా? ఈ నాలుగింటికి సరియైన జవాబు దొరికినచో రుసుము కట్టుట వ్యర్థము కాదు. దొరకనిచో, ఆ తరగతి యెంత మెఱుగైనదైనను, మీ మనుమనికి దానితో పనిలేదు.

రెండువందల యేండ్లకు పైబడి రోగికి చలనమిచ్చుటకు పుట్టిన యంత్రము, శాస్త్రజ్ఞుని చేతిలో కొలబద్దయై, నేడు ఈతగానికి ఊతకఱ్ఱ యైనది. ఊతకఱ్ఱ నడక నేర్పదు. నడవలేని దినమున పడిపోకుండ కాచును. ఈత మాత్రము నీటిలోనే నేర్వవలెను. మీ యూరి పిల్లలు నేర్చుకొనునప్పుడు గట్టుమీద పెద్దవారొకరు కూర్చుండి చూచుచుండవలెను. ఆ పనికి ఏ యంత్రమును మీకు బదులు రాజాలదు.